ఏట్లో మనిషి ఉండగా

ఆ ఏడు ఎర్రనీరు తొందరగా దిగింది. ఆషాఢం సగం కాకుండానే గోదారి రంగు మారిపోయింది. ధవళేశ్వరం ఏటిగట్టు మీద ఏ నోట విన్నా పులస మాటే. మా ఇంట్లోకి మాత్రం పులసతోపాటు ఇంకో కొత్త మాట కూడా వచ్చింది. ఒపేరా.

"అదేంటే, తినేదా, కట్టుకునేదా?" అని నేనడిగితే నా మనవరాలు శ్రీదుర్గ కడుపు పట్టుకుని నవ్వింది. రాజమండ్రి కాలేజీలో సంగీతం చదువుతోంది అది. ఒపేరా అంటే నాటకమేనట, కాకపోతే అందులో మాట అన్నదే ఉండదట. అన్నం పెట్టమన్నా పాటే, తలుపు తియ్యమన్నా పాటే. సత్యప్రసాద్ గారని నాటక సమాజం మాస్టారు "ఏడు వాకిళ్ల ఏరు" నవలను అలా పాటల నాటకంగా కడుతున్నారనీ, పడవవాడి పెళ్లాం వేషం దీనికిచ్చారనీ చెప్పింది. ఆ నవల పేరు వినగానే నేను అల్లుతున్న వల పక్కన పెట్టేశాను.

ఏడు వాకిళ్ల ఏరు తెలియని ఇల్లు మా వైపు లేదు. నిడదవోలు స్టేషన్లో టిక్కెట్లిచ్చే గోపాలరాజు గారని ఒకాయన రాశారు. వారపత్రికలో వారం వారం వచ్చేది. నేను రెండో తరగతి దాటినదాన్ని కాదు, కూడబలుక్కుని చదవడమే గానీ అంత పెద్ద కథ నా వల్ల ఎక్కడవుతుంది. మా వీధి చివర మెర్సీ టీచరమ్మ అరుగు మీద కూర్చుని పైకి చదివేది. చేపలమ్మి వచ్చిన ఆడవాళ్లం గంపలు దించి, ఆ వాసనతోనే చుట్టూ కూర్చునేవాళ్లం. పత్రిక రావడం ఒకరోజు ఆలస్యమైతే పోస్టుమాన్‌ని తిట్టని తిట్టు లేదు.

కథేంటంటే, ఒక పడవవాడు ఏట్లో జారిపోయిన పెళ్లాం ముక్కుపుడక కోసం మునిగి, ఏటి అడుగున ఉన్న రాజ్యంలోకి వెళ్లిపోతాడు. అక్కడ ఏడు వాకిళ్లు. ఒక్కో వాకిలి దాటినప్పుడల్లా వాడు ఒక్కొక్కటి మర్చిపోతుంటాడు. ముందు ఊరు, తర్వాత ఆకలి, తర్వాత ఎండ. ఆరో వాకిలి దగ్గర పెళ్లాం మొహం కూడా మర్చిపోతాడు. ఏడో వాకిలి దాటాక వెనక నుంచి గడియ పడిపోతుంది. ఇక్కడ ఒడ్డున పెళ్లాం ఎదురుచూస్తూ ఉంటుంది. అంత కథ రాసిన గోపాలరాజు గారు ఆ ఘట్టం దగ్గర మాత్రం రెండే రెండు ముక్కలు రాశారు. "అప్పుడామె ఏడ్చింది. ఏడో వాకిలి తెరుచుకుంది." ఆ వారం మెర్సీ టీచరమ్మ పత్రిక మూసేసి లోపలికి వెళ్లిపోయింది. మేం మాత్రం చీకటి పడేదాకా అరుగు దిగలేదు.

అలాంటి కథలో నా మనవరాలు పెళ్లాం వేషం వేస్తుందంటే నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. దాని తండ్రి చినబాబు నా ఒక్కగానొక్క కొడుకు. వాడూ మురిసిపోయాడు. ఆ సీజన్లో పడిన మొదటి పులసను ఎంతమంది అడిగినా అమ్మకుండా సత్యప్రసాద్ గారింటికి పంపించాడు. ఇంట్లో అంతా పాటలే. నా కోడలు నాగదుర్గ పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే శ్రీదుర్గ కంచం ముందు రాగం తీసేది. "మామూలుగా చెప్పవే తల్లీ, నీ రాగంలో ఉప్పుందో లేదో తెలిసి చావడం లేదు" అనేవాడు చినబాబు, నోట్లో ముద్దతోనే నవ్వుతూ. ఆ నవ్వులు పట్టుమని రెండు వారాలు కూడా లేవు.

గోపాలరాజు గారు పోయి చాలా ఏళ్లయింది. నాటకానికి ఒప్పుకోవాల్సింది ఆయన కూతురు నీలవేణి గారు. ఆవిడ నిడదవోలు నుంచి పాసింజరు బండిలో వచ్చి, ఏటిగట్టు పక్కన కల్యాణమండపంలో రిహార్సలు జరుగుతుంటే ముందు వరసలో కూర్చునేవారు. నెమ్మదైన మనిషి, కానీ మాట ఖచ్చితం. వాళ్ల నాన్నగారు రాసిన మాటల్లో ఒకటి తియ్యకూడదు, ఒకటి కలపకూడదు. ఆ షరతు మీదే ఒప్పుకున్నారు. మాస్టారు ఆ మాటలకే బాణీలు కట్టుకుంటూ ఆరు వాకిళ్లు దాటించేశారు. ఏడో వాకిలి దగ్గర బండి ఆగిపోయింది.

నవలలో అయితే ఆమె ఏడ్చింది అని రాసి ఊరుకోవచ్చు. నాటకంలో ఆ అమ్మాయి నిజంగా ఏడవాలి కదా. అదీ పాటలో ఏడవాలి, మాట లేకుండా ఏడవాలి. మాస్టారు ఒక రాగంలో కట్టారు, బాగోలేదని ఇంకో రాగంలో కట్టారు. వింటే చెవికి ఇంపుగానే ఉండేది. నీలవేణి గారు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, "మాస్టారూ, ఇది కచేరీ అండి. మా నాన్న రాసింది ఏడుపండి" అన్నారు. అది కుదరకపోతే నాటకం ఆపేద్దామని కూడా అన్నారు. కోపంగా కాదు, బాధగానే.

ఆ మర్నాడు నేనూ రిహార్సలుకి వెళ్లాను. శ్రీదుర్గ మండపం మధ్యలో నిలబడింది. మాస్టారు హార్మోనియం మెట్టు ఒకటి నొక్కి పట్టుకున్నారు. అది కళ్లు మూసుకుని గొంతు విప్పింది.

మీకెలా చెప్పను. నా ఏడుపు నాకు ఎదురొచ్చింది.

ఇది పుట్టకముందు, చినబాబుకి పదేళ్లప్పుడు, దాని తాత వరదలో నావతో సహా పోయాడు. మనిషి దొరకలేదు. వెతికేవాళ్లు వలలు చుట్టేసి ఒడ్డెక్కిన రోజున నేను ఏటిగట్టు మీద నిలబడి ఏడ్చాను. మాలో ఆ ఏడుపుకి ఒక వరస ఉంటుంది. పైకి ఎక్కి, ఒకచోట తెగి, మళ్లీ కిందనుంచి పుడుతుంది. తర్వాత ఎన్ని ఏళ్లయినా వల అల్లుతూ కూర్చున్నప్పుడు అదే వరస నా ముక్కులోంచి కూనిరాగంలా వస్తుందట. నాకు తెలియదు. నా ఒళ్లో పడుకుని పెరిగిన పిల్లకి తెలిసింది. అది నా కూనిరాగాన్ని పట్టుకుని, నేనెప్పుడో గట్టు మీద ఎక్కిన ఎత్తుకి మళ్లీ ఎక్కించింది.

పాట ఆగింది. నీలవేణి గారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. మాస్టారు హార్మోనియం మీద నుంచి చెయ్యి తియ్యలేదు. అప్పుడు వెనక్కి తిరిగితే గుమ్మంలో చినబాబు ఉన్నాడు. ఏట్లోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, లుంగీ తడిసి కాళ్లకు అంటుకుపోయింది. చేతిలో మాకు తెచ్చిన అన్నం క్యారేజీ. దాన్ని గుమ్మం పక్కన నేల మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

సాయంత్రం అందరం ఇంటికి చేరాం. వాడే మొదలుపెట్టాడు. గొంతు పెంచలేదు. పెంచితేనే బాగుండేది.

"అది మా అమ్మ ఏడుపు. దాన్ని స్టేజీ ఎక్కించడానికి నువ్వెవరివి?"

శ్రీదుర్గ తల దించుకుంది. నాది కదరా, నాకు లేని కోపం నీకెందుకు అన్నాను నేను. "నీది ఎలాగవుతుంది? ఆ రోజు నీ కొంగు పట్టుకుని నిలబడింది నేను" అన్నాడు.

అంతటితో అయితే ఎలాగో సర్దుకునేది. కానీ ఇంకోటి ఉంది. మాలో ఏట్లో మనిషి ఉండగా ఒడ్డున ఇంటి ఆడది జుట్టు విప్పకూడదు, ఆ ఏడుపు వరస ఎత్తకూడదు. ఎత్తితే ఏరు వింటుంది. వీళ్లు అప్పుడే ఏడ్చేశారు కదా, ఇంక ఈ మనిషి నావాడే అనుకుని ఉంచేసుకుంటుంది. ఇది ఎవరో చెబితే నేర్చుకునేది కాదు. పొయ్యిలో చెయ్యి పెట్టకూడదని ఎలా తెలుస్తుందో అలా తెలుస్తుంది. మగవాళ్లు ఏట్లో ఉన్నంతసేపూ మా ఆడవాళ్లు తలంటు కూడా పోసుకోరు.

"నవల్లో ఏరు ఏడుపు విని మనిషిని వదిలేస్తుంది కదా నాన్నా" అంది శ్రీదుర్గ.

"ఆయన టిక్కెట్లిచ్చేవాడమ్మా. ఏట్లో దిగలేదు."

"నాటకంలో ఏడుపు నాన్నా. నిజం ఏడుపు కాదు."

"నేను విన్నాను. ఎలాంటి ఏడుపో నాకు చెప్పకు." వాడు లేచి దండెం మీది తువ్వాలు తీసుకున్నాడు. "నువ్వు ఆ ఏడుపు ఎప్పుడు ఎత్తుకుంటే అప్పుడు నేను ఏట్లో ఉంటాను. ఇంక మీ అమ్మా నువ్వూ చూసుకోండి."

నాగదుర్గ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కూతురు మీద తండ్రి వెయ్యగలిగిన సంకెళ్లలో అంతకంటే గట్టిది ఉండదు. కొట్టలేదు, తిట్టలేదు, చదువు మాన్పించలేదు. తన ప్రాణం తీసుకెళ్లి దాని నోటి మీద పెట్టాడు.

ఇక అక్కడినుంచి ఇల్లు ఇల్లులా లేదు. ఏట్లోకి వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లే మనిషి చెప్పడం మానేశాడు. తెల్లారి లేచేసరికి ఉండేవాడు కాదు. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాడనుకుంటే, కాసేపటికి మంచం ఖాళీగా ఉండేది. నాగదుర్గ రోజూ ఎన్నిసార్లు గట్టు మీదికి వెళ్లి మా నావ ఉందో లేదో చూసి వచ్చేదో లెక్కలేదు. పొద్దున్నే కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని, కళ్లు చింతాకుల్లా సాగేంత బిగించి జడ వేసేది. "నొప్పమ్మా" అంటే "నొప్పే మంచిది" అనేది. నేను ఆ సీజనంతా వల ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఆ కూనిరాగం ఎక్కడ వచ్చేస్తుందోనని భయం. నా ముక్కు మీద నాకే నమ్మకం పోయింది.

రిహార్సళ్లు మాత్రం ఆగలేదు. ఆ ఘట్టం వచ్చేసరికి శ్రీదుర్గ పెదాలు బిగించుకుని నిలబడేది. మాస్టారు హార్మోనియం మెట్టు నొక్కిపట్టి ఆ ఏడుపుకి పట్టేంత సమయం లెక్కపెట్టి, తర్వాతి పాటకి వెళ్లిపోయేవారు. ఆయన మా ఇంటికి కూడా వచ్చారు. చినబాబు మర్యాదగానే కుర్చీ వేశాడు, టీ ఇప్పించాడు. మాస్టారు నాటకం గురించి, కళ గురించి ఎన్నో చెప్పారు. అంతా విని, "మీరు పెద్దవారు, మీ మాట కాదనకూడదండి. కానీ ఏట్లో ఉండేది నేనండి" అన్నాడు. మాస్టారు సగం టీ వదిలేసి వెళ్లారు.

ఇంకో పిల్ల చేత పాడించవచ్చు కదా అని మీరడగొచ్చు. మాస్టారూ అదే అనుకుని ఇద్దర్ని ప్రయత్నించారు. బాణీ పట్టుకున్నారు గానీ వాళ్లు పాడితే అది పాటే అయింది. నీలవేణి గారు తల అడ్డంగా ఊపారు. శ్రీదుర్గ మాత్రం నాన్న వద్దంటున్నాడని ఎవరికీ చాడీ చెప్పలేదు, నేను పాడనని మాస్టారికీ చెప్పలేదు. రెండు మాటలూ మింగి కూర్చుంది. అన్నం సహించడం మానేసింది. ఒకరోజు నా పక్కన పడుకుని, "నేను దొంగతనం చేశానా మామ్మా?" అని అడిగింది. నా దగ్గరున్నదే తీసుకున్నావు, పరాయిదేమీ కాదుగా అన్నాను. "మరి నువ్వు నాన్నకి ఎందుకు చెప్పవు?" అంది. నేను అటు తిరిగి పడుకున్నాను.

శ్రావణంలో ఒక ఆదివారం నాటకం పెట్టారు. ఆ వారం ఎగువన వానలు ఎక్కువై ఏరు ఉబ్బింది. శుక్రవారం మొదటి వరద హెచ్చరిక జెండా ఎగరేశారు, ఆదివారం పొద్దున్నే రెండోది. నావలన్నీ గట్టుకు కట్టేయమని ఆటోలో మైకు పెట్టి చెప్పుకుంటూ వెళ్లారు. వేరే ఊళ్లలో వరద వస్తే గుండె జారుతుంది. మా ఇంట్లో ఆ రోజు నాగదుర్గ దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టింది. రెండో హెచ్చరిక ఎగిరిందంటే ఎంత మొండివాడైనా ఏట్లోకి దిగడు. చినబాబు కూడా నావను రెండు మోకులతో కట్టి వచ్చి, వాకిట్లో కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. నేను నా కళ్లతో చూశాను. శ్రీదుర్గ బయల్దేరుతూ వాడి ముందు ఒక క్షణం ఆగింది. వాడు ఏటివైపు చూస్తూనే ఉన్నాడు.

ఆట నాలుగింటికి మొదలైంది. ఇసుక వేస్తే రాలనంత జనం. మండపం చాలక బయట గట్టు పొడుగునా గొట్టం మైకులు కట్టారు, లోపల చోటు దొరకనివాళ్లు గొడుగులేసుకుని అక్కడే నిలబడ్డారు. ముందు వరసల్లో మా వీధి ఆడవాళ్లు. కథ తెలిసినవాళ్లు కదా, ఒక్కో వాకిలి రాగానే ఇంక ఆకలి మర్చిపోతాడు చూడు, ఇంక ఎండ మర్చిపోతాడు చూడు అని పక్కవాళ్లకి చెప్పేస్తున్నారు.

నేను లోపల మేకప్పు గదిలో శ్రీదుర్గ దగ్గరున్నాను. స్టేజీ మీద నాలుగో వాకిలి నడుస్తోంది. నాగదుర్గ వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడి ఒక్కటే మాట అంది.

"నావ లేదు."

శ్రీదుర్గ అద్దంలోంచే తల్లిని చూసింది. మోకులు తెగాయేమో, కొట్టుకుపోయిందేమో అన్నాను నేను, నాకే నమ్మకం లేని మాట. మోకులు చుట్ట చుట్టి ఒడ్డున పెట్టి ఉన్నాయట. మనిషి వాకిట్లో లేడు, వీధిలో లేడు. గట్టు మీది కుర్రాళ్లు చూశారట, ఒడ్డు వారనే పోతూ దిగువకి వెళ్లాడని.

మాస్టారికి తెలిసింది. ఆయన హార్మోనియం పక్కవాడికి అప్పగించి పరుగున వచ్చి, ఆ చోట తాను హార్మోనియం మీద వాయించేస్తానన్నారు. వెనకే నీలవేణి గారు వచ్చారు. ఆవిడ శ్రీదుర్గ భుజం మీద చెయ్యి వేసి, "వద్దమ్మా. మా నాన్న కథ కన్నా మీ నాన్న ముఖ్యం. ఈ పూటకి ఆపేద్దాం" అన్నారు. అంత పట్టుదల మనిషి అలా అనేసరికి శ్రీదుర్గకి ఏడుపొచ్చేసింది, కానీ రానివ్వలేదు. ఏడవకూడదు కదా. కళ్లు పైకెత్తి రెప్పలు ఆర్పకుండా అలాగే కూర్చుంది. అక్కడున్న ముగ్గురం ఆడవాళ్లం, మా ఇంటివాళ్లం, ఒకరి మొహం ఒకరం చూసుకోవడానికి కూడా భయపడుతూ నిలబడ్డాం. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది. నేను చెప్పాలనుకుని చెప్పింది కాదు.

"మీ తాత పోయినప్పుడు నేను ఏడవలేదే."

శ్రీదుర్గ నా వైపు తిరిగింది.

"నావ రాలేదని తెలిసిన సాయంత్రం జుట్టు బిగించి ముడేసుకున్నాను. వలలేసి వెతికినన్నాళ్లూ ఒక్క చుక్క రాల్చలేదు. పిల్లాడు ఏడుస్తుంటే వాడి నోరు కూడా మూశాను. గట్టు మీద ఆడవాళ్లంతా నన్ను మెచ్చుకున్నారు, నా పేరు చెప్పి మరీ, పెద్దింట్లమ్మ గుండె గట్టిదన్నారు. వాళ్లు ఇంక దొరకడని వలలు చుట్టేశాకే నేను నోరు విప్పింది. ఏదీ తప్పు చెయ్యలేదు. అన్నీ సరిగ్గానే చేశాను."

ఇంక మిగిలిన మాట నేను చెప్పనక్కర్లేకపోయింది.

స్టేజీ మీద ఐదో వాకిలి దాటుతున్నారు. నాగదుర్గ నేల చూస్తూ నిలబడింది. చాలాసేపటికి కదిలి కూతురి వెనక్కి వెళ్లి, పొద్దున తను వేసిన జడ రిబ్బను లాగింది. పాయలు ఒక్కొక్కటే విప్పింది. చిక్కు పడినచోట ఆగి మళ్లీ విప్పింది. మొత్తం విప్పి వీపు మీద పరిచాక, తన ముడిని మాత్రం ఇంకాస్త బిగించుకుంది. "అత్తా, గట్టు మీదికి వెళ్దాం రా" అంది నాతో.

మేం ముందు వరసల పక్కనుంచి బయటికి వెళ్తుండగానే శ్రీదుర్గ స్టేజీ మీదికి వచ్చింది. దాని విరబోసిన జుట్టు చూడగానే మా వీధి ఆడవాళ్ల గొంతులు ఆగిపోయాయి. నావ లేదన్న సంగతి అప్పటికే ఆ వరసల్లో పాకింది. ఒకావిడ "ఒద్దే తల్లీ, ఒద్దు" అని లేచి నిలబడింది. పక్కవాళ్లు లాగి కూర్చోబెట్టారు. హార్మోనియం మెట్టు ఒకటి మోగుతూ ఉండిపోయింది. అది నోరు విప్పింది.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆ ఏడుపు లోపల ఒకసారి, బయట గొట్టం మైకుల్లో ఒకసారి వినిపిస్తోంది. మైకుల్లోది గట్టు దాటి ఏటి మీదికి వెళ్లిపోతోంది. పైకి ఎక్కింది. తెగింది. ఆ తెగినచోట ఇంత జనంలో ఒక్క దగ్గు కూడా వినిపించలేదు, ఏటి హోరే వినిపించింది. మళ్లీ కిందనుంచి పుట్టింది.

అయిపోగానే వెనక వరసల్లోంచి ఎవరో "వన్స్‌మోర్" అని కేక వేశారు. మా వైపు అది మామూలే, పద్యం బాగుంటే చచ్చిపోయిన రాజును కూడా లేపి మళ్లీ పాడిస్తారు. ఇంకో నలుగురు అందుకున్నారు. మా వీధి ఆడవాళ్లు ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. "దాని తండ్రి ఏట్లో ఉన్నాడు, నోర్ముయ్యండిరా" అంది ఇందాకటి ఆవిడే. కేకలు ఆగిపోయాయి. శ్రీదుర్గ అలాగే నిలబడి ఉంది. మాస్టారు మెల్లిగా తర్వాతి పాట ఎత్తుకున్నారు. ఏడో వాకిలి తెరుచుకుంది.

నాగదుర్గా నేనూ గట్టు మీద నిలబడ్డాం. సందె వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. నీళ్లు గట్టును ఒరుసుకుంటూ పోతున్నాయి, విరిగిన చెట్లు, ఎవరిదో పశువుల పాక కప్పు. మా నావ ఇంజను చప్పుడు కోసం చెవులు రిక్కించాం. మైకుల్లో పాట పెద్దగా వస్తుంటే నాగదుర్గ "ఆ పాట ఆపమనండి, వినపడ్డం లేదు" అని ఎవరినో బతిమాలింది. ఎవరాపుతారు. లోపల పడవవాడికి ఒక్కొక్కటే జ్ఞాపకం వస్తున్నాయి. ముందు పెళ్లాం మొహం, తర్వాత ఎండ, తర్వాత ఆకలి. వాడికి ఊరు జ్ఞాపకం రాగానే జనం చప్పట్లు కొట్టారు. ఆట అయిపోయి అందరూ గొడుగులు మడుచుకుని వెళ్లిపోతున్నారు. శ్రీదుర్గ రంగు కూడా కడుక్కోకుండా వచ్చి మా పక్కన నిలబడింది. దాని జుట్టు గాలికి నా మొహం మీద పడుతుంటే నేను పక్కకి తొలగించుకోలేదు.

ఎంతసేపని చెప్పను. దిగువ నుంచి ఒడ్డు వారగా తెడ్డు చప్పుడు వినిపించింది. ఇంజను కాదు, తెడ్డు. రెల్లుదుబ్బులు పట్టుకుని నావను లాక్కుంటూ, తోసుకుంటూ వస్తున్నాడు. ఒడ్డున కుర్రాళ్లు నడుంలోతు నీళ్లలోకి దిగి మోకు అందుకున్నారు. వాడి కాళ్లు బురదలో ఆనాక, అప్పుడు నాగదుర్గ ఏడ్చింది. ముడి దానంతటదే ఊడిపోయింది. ఏడుస్తూనే వాడి వీపు మీద రెండు దెబ్బలు వేసింది. వాడు కొట్టించుకున్నాడు.

"వల పోయింది" అన్నాడు నాతో.

ఏమైందని అడిగాను. వాడు కూతురి వైపు చూడలేదు. ఏటివైపే చూస్తూ చెప్పాడు. "మైకులో మొదలవగానే ఇంజను ఆపేశాను. చప్పుడుకి సరిగ్గా వినపడ్డం లేదని."

రెండో హెచ్చరిక ఏట్లో ఇంజను ఆపాడు. ఆపి కూర్చుని విన్నాడు. విన్నంతసేపూ నావ ఎటుపోతోందో చూసుకోలేదు. చూసుకునేసరికి దిగువ లంకలో మునిగిన తుమ్మచెట్లలోకి పోయింది, వల కొమ్మలకు చుట్టుకుంది, ఇంజనులో నీళ్లు దూరాయి. వల కోసేసి బయటపడ్డాడు. ఏడిస్తే ఏరు తీసుకుపోతుందన్నది వాడి మాట. ఇంచుమించు అదే అయింది. ఏడిస్తే ఏరు వదిలేస్తుందన్నది గోపాలరాజు గారి మాట. అదీ అయింది. ఎవరిది నిజమని మీరు నన్నడిగితే నేను చెప్పలేను, ఇప్పటికీ చెప్పలేను.

మర్నాడు మా ఇంట్లో ఎవరూ తొందరగా లేవలేదు. నేను లేచేసరికి చినబాబు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ముందు రోజు కూర్చున్నట్టే, కానీ బీడీ లేదు. శ్రీదుర్గ లోపలినుంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పిఠాపురంలో కూడా నాటకం వెయ్యమని అడుగుతున్నారని పొద్దున్నే మాస్టారు ఫోను చేశారు. అది చెప్పడానికి వచ్చి, చెప్పలేక నిలబడింది. వాడికి ఫోను మాటలు వినపడే ఉంటాయి.

"ఆ ఏడుపు పైకి ఎక్కి తెగుతుందే," అన్నాడు వాడు, దాని వైపు తిరక్కుండా. "అక్కడ నువ్వు ఊరికే ఆగిపోయావు. అది ఆగే చోటు కాదు. అక్కడ మా నాన్న పేరుంటుంది."

నిజమే. ఆ కూనిరాగంలో పేరు ఎలా వస్తుంది. కట్టుకున్నవాడి పేరు పైకి అనని ఆడదాన్ని నేను, కాపురం చేసినన్నాళ్లూ అనలేదు, పోయాకా అనలేదు. గట్టు మీద ఆ రోజున ఒక్కసారే అన్నాను. అది విన్నవాడు వీడొక్కడే.

"నవల్లో మాట కలపకూడదు కదా నాన్నా," అంది శ్రీదుర్గ. "పడవవాడికి గోపాలరాజు గారు పేరే పెట్టలేదు."

"కలపమనడం లేదు. ఆగేటప్పుడు ఎందుకాగుతున్నావో తెలిసి ఆగు."

నాగదుర్గ లోపల పొయ్యి దగ్గర పని ఆపేసిందని తెలుస్తూనే ఉంది. చినబాబు లేచి వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు, చిన్నప్పుడు కూర్చున్నంత దగ్గరగా.

"అమ్మా, నేను ఒడ్డునే ఉన్నాను," అన్నాడు. "ఇవాళ ఎక్కడికీ వెళ్లను. దానికి మొత్తం నేర్పు."

పగటి వెలుగులో, పొయ్యి మీద టీ మరుగుతుండగా, నేను ముడి విప్పుకున్నాను. ఆ ఏడుపు వరస ఎత్తుకున్నాను. తెగే చోటికి చేరాక మనవరాలి మొహంలోకి చూస్తూ ఆయన పేరు పిలిచాను.

"మరిడయ్యా."

శ్రీదుర్గ పెదాలు కదిపి నాతోపాటు అంది. చినబాబు తల దించుకుని, ఇంకోసారి అనమన్నాడు.